మీకు తెలుసా? అరెస్టయితే లాయరు ఉచితం!

విజయవాడ బెంజ్ సర్కిల్‌లో జరిగిన యాక్సిడెంట్ కేసులో డ్రైవర్ అరెస్టయ్యాడు. లాయరును పెట్టుకునే స్తోమత లేదు. మరి దారేది?

• 1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం, కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. మహిళలు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీలు, దివ్యాంగులకూ ఇంతే.

• దరఖాస్తు విజయవాడలోని మండల న్యాయ సేవల కమిటీకి గానీ, మచిలీపట్నంలోని జిల్లా సంస్థకు గానీ ఇవ్వొచ్చు. ఫీజు లేదు. రాయడం రానివారు నోటితో చెప్పినా రాసుకుంటారు.

• జైల్లో ఉన్నవారు జైలు అధికారుల ద్వారా దరఖాస్తు పంపవచ్చు.

• హెల్ప్‌లైన్: 15100.

• నిందితుడు అడగలేదన్న సాకుతో ఈ హక్కును కాదనకూడదని 1986లో సుఖ్ దాస్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ కేసులో నిందితుడికి లాయరు లేకుండా పడిన శిక్షను రద్దు చేసింది.