రాణి చూడని కానుక

రాణులకు కానుకలంటే నగలూ, పట్టువస్త్రాలే మనకు తోస్తాయి. కాని 1783లో పారిస్‌లోని అబ్రహాం లూయీ బ్రెగే అనే గడియారాల నిపుణుని వద్దకు ఒక వింత కోరిక వచ్చింది. ఫ్రాన్సు రాణి మేరీ ఆంత్వానెత్ కొరకు జేబుగడియారం చేయాలి. ఆనాటికి తెలిసిన గడియారపు విద్యలన్నీ అందులో ఇమడాలి. వీలయిన చోటనల్లా ఇతర లోహాలకు బదులు బంగారమే వాడాలి. ఖర్చుకు మితి లేదు, గడువూ లేదు. కోరినవాడు రాణిగారి అంగరక్షకదళంలోని అధికారి అని చెబుతారు.

పని సాగుతుండగానే విప్లవం వచ్చింది. 1793లో రాణికి శిరచ్ఛేదం జరిగింది. 1823లో బ్రెగే కూడా కన్నుమూశాడు. గడియారం పూర్తయినది 1827లో!

అందులో 823 భాగాలున్నాయి. మీట నొక్కితే గంటలూ, నిమిషాలూ మ్రోగి చెబుతుంది. లీపు సంవత్సరాన్ని గుర్తెరిగి తేదీని తానే సరిచేసుకుంటుంది. ఉష్ణోగ్రతను సైతం చూపుతుంది.

1983లో జెరూసలేములోని ఒక ప్రదర్శనశాల నుండి ఇది దొంగలపాలయింది. మళ్ళీ దొరికిందన్న వార్త 2007లో వెలువడింది.

గడియారానికి గడువు పెట్టలేదు, నిజమే. కాని మనుషులకు కాలం పెట్టిన గడువు ఆగలేదు. ఇవ్వదలచినది అందుకొనే చేతులు ఉండగానే ఇవ్వడం మేలు.