తెర మీది బండ్ల పందెములు: ఇంటర్నెట్టు లేకుండ నడపు విధము

గుర్రంకొండ దుర్గమునకు ఆ పేరెట్లు వచ్చెనో మన బాలురు తమ అవ్వల నోట వినియే యుందురు. కొండమీద నొక గుర్రము కాపున్నంత కాలము కోట పరుల చేజిక్కదనియు, ఒక మరాఠా వీరుడు నిట్టనిలువుగ నున్న బండకు ఇనుప మేకులు దిగగొట్టి పైకెక్కి ఆ గుర్రమును దొంగిలించుకొని పోయెననియు కథ. నేటి పిల్లలకు గుర్రము కంటె తెర మీద పరుగెత్తు బండి మీదనే మక్కువ మెండు. ఆ బండికి కూడ నొక దొంగ కలడు. అది తెగిపోవు ఇంటర్నెట్టు.

గత సంవత్సరము మా హాస్టలు బాలుర తండ్రులలో నొకరు, టమాటాలకు మంచి ధర పలికిన వారమున, మదనపల్లెకు పోయి కుమారునికొక కన్సోలును, బండ్ల పందెపు డిస్కు నొకదానిని కొనిపెట్టిరి. కన్సోలనగా టెలివిజనుకు తగిలించి ఆడు ఆటపెట్టె. సెలవులలో 11 మంది పిల్లలు చుట్టు జేరి కూర్చుండగా డిస్కు లోపల బెట్టిరి. పెట్టె ఆటను చూపుటకు మాఱుగ, కొత్త భాగములను ముందు దింపుకొనవలెనని తెలిపెను. కొండచాటు ఊరు, తెల్లవాఱువఱకు వేచినను నూటికి 6 వంతులే దిగెను. మఱునాడు ఆ తండ్రి మమ్ము గలిసి, తాను మోసపోతినా యని యడిగిరి. ఆయనకు చెప్పిన దానినే ఇచ్చట కొంత విరివిగ వ్రాయుచున్నాము.

కొనుటకు ముందే విచారింపవలసిన దొకటి కలదు. నలుగురు కలిసి ఆడుటకు ఇంటర్నెట్టు అక్కఱలేని ఆటలు పెక్కులున్నవి. కాని ఒక్కడాడుటకు సైతము దానిని కోరు ఆటలును గలవు. 2022 మార్చిలో వెలువడిన గ్రాన్ టురిస్మో 7 అట్టిది. ఆ నెలలోనే దాని సర్వర్లు 30 గంటలకు పైగా నిలిచిపోగా, డబ్బిచ్చి కొన్నవారు సైతము ఆటలో అధికభాగమును ముట్టజాలకపోయిరి. కావున అట్టమీది బొమ్మను జూచి మురిసిపోక, ఒకే యింట ఎందఱాడవచ్చునో, ఇంటర్నెట్టు లేనప్పుడు ఏమేమి పనిచేయునో దుకాణదారుని అడిగి తెలిసికొనవలెను.

అన్నిటికంటె సులువైన పద్ధతి తెరను పంచుకొనుట. 1992 నాటి సూపర్ మారియో కార్టులో ఇద్దఱికిని, 1996 నాటి మారియో కార్టు 64లో నలుగురికిని ఈ వసతి యుండెను. నింటెండో స్విచ్చునకై 2017లో వచ్చిన మారియో కార్టు 8 డీలక్సును ఇట్లే నలుగురిని ఆడనిచ్చును. స్విచ్చుతో వచ్చు రెండు చిన్న కంట్రోలర్లను విడదీసి అడ్డముగ పట్టుకొనిన ఇద్దఱికి సరిపోవును, వేఱుగ కొననక్కఱలేదు. ఇద్దఱాడునపుడు తెరపై బొమ్మ సెకనుకు 60 మారులు మాఱును. మువ్వురు నలుగురైనచో 30 మారులే. "బండి బరువెక్కింది సార్" అని ఒక చిన్నవాడు మాతో ననెను. లెక్క తెలియకయే వాడు దానిని కనిపెట్టినందుకు మేము సంతోషించితిమి.

పెట్టెలు రెండు మూడున్నచో అవి తమలో తాము గాలిలో సంకేతములు పంపుకొనును. ఈ విధమున 8 మంది వఱకు పందెమాడవచ్చును. రౌటరు వలదు, చందా వలదు. అయితే ప్రతి పెట్టెకును ఆట ప్రతి వేఱుగ నుండవలెను. అన్నిటిలోను ఆట ఒకే కూర్పుదై యుండవలెను. పెక్కురు చిక్కుపడునది ఇచ్చటనే. ఒకటి కొత్తది, మఱియొకటి పాతది యైనచో కలియవు. అందులకు ఆ యంత్రమున నొక యుపాయము గలదు: ఆట బొమ్మపై నిలిచి ప్లస్ మీటను నొక్కి, సాఫ్ట్‌వేరు అప్‌డేటు అను చోట, దగ్గఱి వారితో కూర్పును సరిచూచుకొను పద్ధతి నెన్నుకొనిన, కొత్త పెట్టెనుండి పాతది తనకు కావలసిన భాగమును ఇంటర్నెట్టు లేకయే గ్రహించును.

12 మంది కావలెనన్న తీగల మార్గము కలదు. లాన్ అడాప్టర్లును, ఒక స్విచింగు హబ్బును, తీగలును కావలెను. ఆట మెనూలో వైర్‌లెస్ ప్లే అను మాటపై నిలిచి ఎల్, ఆర్ మీటలను, ఎడమ కడ్డీని ఒక్కమారు నొక్కిపట్టిన నది లాన్ ప్లేగ మాఱును. మాకింత ఖర్చు పెట్టుకొను స్తోమత లేదు.

ఇక కరెంటు సంగతి. 12 వోల్టుల, 150 ఆంపియరు గంటల ఇన్వర్టరు బ్యాటరీలో 1,800 వాటు గంటల శక్తి యుండును. నష్టములు పోను, బ్యాటరీని పూర్తిగ నెండగొట్టకుండ, 1,000 మాత్రమే లెక్కకు తీసికొందము. చిన్న టెలివిజనును స్విచ్చును కలిసి సుమారు 80 వాట్లు త్రాగిన, 12 గంటలు నడచును. 200 వాట్లు కోరు పెద్ద పెట్టెకు పెద్ద టెలివిజను చేరి 280 వాట్లైనచో మూడున్నర గంటలు దాటదు. టెలివిజనులో గేము మోడు పెట్టుట మఱువరాదు. లేకున్న మీట నొక్కిన పిమ్మట బండి ఆలస్యముగ తిరుగును.

ఆ తండ్రి కన్సోలును మేము మదనపల్లెలో మిత్రుని యింటికి కొనిపోయి, ఒక మధ్యాహ్నమంతయు ఉంచి, కావలసిన భాగములన్నియు దింపుకొని తెచ్చితిమి. అది యిప్పుడు ఇంటర్నెట్టు లేకయే ఇద్దఱిని ఆడించుచున్నది. హాస్టలులో మేము నడపిన పందెము మాత్రము ఎరువు తెచ్చిన స్విచ్చుపై జరిగినది. 32 మంది బాలురు. నలుగురేసి 8 జట్లు. నాలుగు పరుగుల కప్పు ఒక్కొక్కటి సుమారు 15 నిమిషములు పట్టును. గెలిచిన 8 మందికి రెండు కప్పులు, ఆ రెంట మొదటి ఇద్దఱిద్దఱికి తుదికప్పు. వెరసి 11 కప్పులు, రెండు ముప్పావు గంటలు. చిన్నపిల్లలకు బండి దారి తప్పకుండ కాపాడు స్మార్ట్ స్టీరింగును పెట్టితిమి. పెద్దవారు దీనిని అన్యాయమనిరి, మేమంగీకరింపలేదు. ఏడవ జట్టు ఆడుచుండగా కరెంటు పోయెను. దీపములారెను గాని తెర ఆఱలేదు. మూల నిలిచి చూచుచున్న ఆ తండ్రి ముందుకు వచ్చి, పిల్లల నడుమ నేలమీద కూర్చుండి, తనకును ఒక కంట్రోలరు ఇమ్మనిరి.