సైలెన్సర్‌కు చిల్లు.. ఊపిరికి ముప్పు

* శబ్దమే కదా అని ఉపేక్షించరాదు
* మార్చేటప్పుడు జాగ్రత్తలు తప్పనిసరి

విజయవాడ: కారు స్టార్టు చేయగానే కింది నుంచి ‘డబడబ’మని మోత వినిపిస్తున్నా పలువురు యజమానులు తేలిగ్గా తీసుకుంటుంటారు. సర్వీసింగ్‌కు ఇచ్చినప్పుడు చూసుకోవచ్చులే అని వాయిదా వేస్తుంటారు. అయితే సైలెన్సర్‌కు పడిన చిల్లుతో వచ్చే ముప్పు శబ్దంతో ఆగదు. ఇంజిన్ పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన ఉండవు. రక్తంలోని హిమోగ్లోబిన్‌తో ఇది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా బలంగా కలుస్తుంది. వెనుక గొట్టం నుంచి పోవాల్సిన ఈ వాయువు మధ్యలోనే లీకైతే కారు అడుగుభాగంలోని సందుల ద్వారా లోపలికి చేరే అవకాశముంది. అద్దాలు మూసి, ఏసీ వేసుకున్న వారికి తొలుత తలనొప్పి, వికారం, మగత కలుగుతాయి. ఆగిన కారులో ఇంజిన్ ఆపకుండా నిద్రించేవారికి ఇది ప్రాణాంతకం.

తుప్పు లోపలి నుంచే..

లీటరు పెట్రోలు మండితే ఇంచుమించు లీటరు నీరు ఆవిరి రూపంలో వెలువడుతుంది. దూర ప్రయాణాల్లో సైలెన్సర్ బాగా వేడెక్కడంతో ఆ తేమ ఆరిపోతుంది. బడికి, బజారుకు మాత్రమే తిరిగే కార్లలో ఆ వేడి చాలక నీరు లోపలే నిలిచి రేకును తినేస్తుంది. తీరప్రాంతంలోని ఉప్పుగాలి పైనుంచీ తుప్పు పట్టిస్తుంది. వరదనీటితోనూ ఇదే సమస్య. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు నగరంలో పెద్దసంఖ్యలో వాహనాలు నీట మునిగాయి. అలా మునిగిన కార్ల యజమానులు సైలెన్సర్‌ను ప్రత్యేకంగా తనిఖీ చేయించుకోవడం మేలు. కొన్ని సైలెన్సర్ల అడుగున నీరు కారేందుకు కంపెనీయే చిన్న రంధ్రం ఉంచుతుంది. దానిని వెల్డింగ్‌తో మూయించరాదు.

మార్చడమిలా..

ఇంజిన్ పూర్తిగా చల్లారాకే పని మొదలుపెట్టాలి. కారును ర్యాంపుపైకి ఎక్కించాలి లేదా స్టాండ్లపై నిలపాలి. కేవలం జాకీని నమ్మి కిందికి దూరడం ప్రమాదకరం. తుప్పు పట్టిన బోల్టులకు ముందుగా నూనె పట్టించి నాననివ్వాలి. సైలెన్సర్‌ను వేలాడదీసే రబ్బర్లు, గ్యాస్కెట్, క్లాంపులు కొత్తవి వేయడం మంచిది. అన్నింటినీ వదులుగా అమర్చి, గొట్టం ఎక్కడా బాడీకి తగలకుండా సరిచూసి, ఇంజిన్ వైపు నుంచి వరుసగా బిగించాలి. వెల్డింగ్ అవసరమైతే బ్యాటరీ వైర్లు తొలగించాలి. పెట్రోలు ట్యాంకు సమీపంలోనే ఉంటుందన్న విషయం మరువరాదు. చివరగా ఇంజిన్ స్టార్టు చేసి ప్రతి అతుకు వద్ద లీకేజీని పరిశీలించాలి.

ఖాళీ గొట్టం వద్దు

ఖర్చు తగ్గుతుందనో, మోత బాగుంటుందనో కొందరు సైలెన్సర్ తీసి ఖాళీ గొట్టం వేయిస్తున్నారు. ప్రతి మోటారు వాహనానికీ సైలెన్సర్ ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు-1989లోని 120వ నిబంధన చెబుతోంది. శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాలను ఉల్లంఘిస్తే రూ.10 వేల వరకు జరిమానాకు 2019 నాటి చట్ట సవరణ వీలు కల్పించింది. సైలెన్సర్‌కు ముందుండే కెటలిటిక్ కన్వర్టర్‌ను తొలగిస్తే విషవాయువులు శుద్ధి కాకుండానే బయటకు వస్తాయి. ప్లాటినం వంటి విలువైన లోహాలు ఉంటాయి కనుక, పనికిరాదని తేలినా ఆ పాత భాగాన్ని షెడ్డులో ఊరికే వదిలేయరాదు.

ప్రయాణంలో మోతతో పాటు తలనొప్పి, మగత అనిపిస్తే వెంటనే అద్దాలు దించి, కారు పక్కకు ఆపి, ఇంజిన్ కట్టేసి అందరూ బయటకు రావాలి. తగ్గకపోతే ఆసుపత్రికి వెళ్లాలి. సైలెన్సర్ బాగుచేయించే వరకు ఆ కారును నడపకపోవడమే క్షేమం.