క్రీడాస్థలమున పోలీసులు – ప్రేక్షకుల సాక్ష్యము

క్రీడాస్థలమునకు వేలకొలది జనులు వచ్చునపుడు అచ్చట పోలీసులు ఉండవలెననుటలో ఎవరికిని సందేహము లేదు. అయితే వారు వచ్చినది ప్రేక్షకులను కాపాడుటకా, లేక ప్రేక్షకుల బారినుండి ఇతరులను కాపాడుటకా? ఈ రెంటిలో ఏ తలంపు ముందుండునో దానినిబట్టియే ఆనాటి ఏర్పాట్లన్నియు నడచును. చిన్నదిగా కనబడు ఈ భేదము ప్రాణములకు సంబంధించినదని ఇంగ్లండు దేశపు ఫుట్‌బాల్ చరిత్ర తెలుపుచున్నది.

1970, 80 దశాబ్దములలో ఆ దేశమున కొందరు అభిమానుల అల్లరి మితిమీరినది. వారు మైదానములోనికి దూకకుండ ఎత్తైన ఇనుపకంచెలు నిలిపిరి. నిలువబడి చూచు మెట్లను గూడ కంచెలతో భాగములు చేసిరి. ఆ భాగమును ఇంగ్లీషున ‘పెన్’ అందురు. పశువుల దొడ్డికిని ఆ భాషలో అదే మాట. 1985లో బ్రస్సెల్సులోని హేసెల్ క్రీడాస్థలమున లివర్‌పూల్ అభిమానులు కొందరు ఎదుటి పక్షమువారి పైకి పోగా, ఆ త్రొక్కిడిలో గోడ కూలి 39 మంది మరణించిరి. అంతటినుండి అభిమాని యన్నచో అనుమానింపదగినవాడను భావము మరింత బలపడినది.

1989 ఏప్రిల్ 15న షెఫీల్డు నగరములోని హిల్స్‌బరో క్రీడాస్థలమున లివర్‌పూల్, నాటింగ్‌హామ్ ఫారెస్టు జట్లకు ఎఫ్.ఏ. కప్ సెమీఫైనల్ పోటీ ఏర్పాటైనది. లివర్‌పూల్ పక్షమున నిలువబడి చూచువారు సుమారు 10,100 మంది. వారు లోనికి పోవుటకు, ఒక్కొక్కరినే విడుచు తిరుగుడు ద్వారములు ఏడు మాత్రమే. మూడు గంటలకు ఆట. వెలుపల ఊపిరాడని ఒత్తిడి కలుగగా, 2 గంటల 52 నిమిషములకు పోలీసు అధికారి పెద్ద గేటు తెరువుమని ఆజ్ఞాపించెను. సుమారు రెండువేల మంది లోనికి వచ్చిరి. వారికి ఎదుట కనబడినది నడిమి దొడ్లకు పోవు సొరంగమార్గము. ఆ దొడ్లు అప్పటికే క్రిక్కిరిసి యుండెను. ప్రక్క దొడ్లలో చోటున్నది. సొరంగమును మూయించి జనులను ప్రక్కలకు మరల్చినవారు లేకపోయిరి.

గుంపునందు వెనుకనున్నవారికి ముందేమి జరుగుచున్నదో తెలియదు. వెనుకవాడు వేయునది ఒక్క అడుగే; అట్టివి వేయి కలిసినచో కంచె కడనున్నవానికి రొమ్ము కదలదు, ఊపిరి ఆడదు. తిరునాళ్ళలో గుంపున నడచినవారికి ఇది కొంత అనుభవమే. ఎత్తున నిలిచి అంతయు చూడగలవాడు ఒక్క పోలీసు అధికారియే. కావున బాధ్యతయు అతనిదే.

ముందువారు కంచె పట్టుకొని మొరపెట్టిరి. కంచె నెక్కినవారిని మొదట కొందరు పోలీసులు తిరిగి లోనికి నెట్టిరి. మైదానముపై దాడి జరుగుచున్నదని వారి తలంపు. ఆట 3 గంటల 6 నిమిషములకు ఆగినది. అభిమానులు ప్రకటనల బల్లలను ఊడబెరికి, వానిపై క్షతగాత్రులను మోసిరి. వారితో కలిసి శ్రమించిన పోలీసులును లేకపోలేదు. కాని పెక్కుమంది, ఇరుపక్షముల అభిమానులు కలహింతురేమో యని, మైదానము నడుమ వరుసదీరి నిలిచియుండిరి. తరువాతి కాలమున మరణించినవారితో కలిసి మృతులు 97 మంది. వారిలో మిక్కిలి చిన్నవాడు పదేండ్ల బాలుడు.

అభిమానులకు రెండవ గాయము దీని తరువాత తగిలినది. గేటును వారే బలవంతముగా తెరచిరని ఆ అధికారి ఆనాడే చెప్పెను. అది అబద్ధమని 2015లో తానే ఒప్పుకొనెను. మృతులు త్రాగియుండిరేమో యని, పిల్లలను సైతము విడువక, రక్తపరీక్షలు జరిపిరి. ‘ది సన్’ పత్రిక అభిమానులపై నీచమైన నిందలు ప్రకటించెను. 1989 ఆగస్టులోనే న్యాయమూర్తి టేలర్, పోలీసు నియంత్రణ విఫలమగుటయే ప్రధానకారణమని నిర్ణయించెను. అయినను 1991లో మరణవిచారణ జరిపిన జ్యూరీ ‘ప్రమాదవశమున మరణము’ అని తీర్పు చెప్పినది. పోలీసుల వాఙ్మూలములలో 164 మార్చబడినవనియు, వానిలో 116 నుండి పోలీసులకు ప్రతికూలమైన మాటలు తొలగింపబడినవనియు 2012లో స్వతంత్ర సంఘమొకటి వెల్లడించినది. తుదకు 2016 ఏప్రిల్ 26న క్రొత్త జ్యూరీ, మృతులు అన్యాయముగా చంపబడిరనియు, అభిమానుల ప్రవర్తన అందుకు కారణము కాదనియు తీర్పు చెప్పినది. కన్నులార చూచినవారి మాట నమ్ముటకు ఇరువదియేడు సంవత్సరములు పట్టినది. ఆ అధికారిపై నడచిన నేరాభియోగము మాత్రము 2019లో వీగిపోయినది.

ఇది గతించిన కథ యనుకొనుటకు వీలులేదు. 2022 మే 28న పారిస్ సమీపమునందలి స్తాద్ ద ఫ్రాన్స్‌లో యూరప్ ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ జరిగినది. లివర్‌పూల్ అభిమానులను ఇరుకు త్రోవలలో నిలిపివేసిరి, బాష్పవాయువు ప్రయోగించిరి. ఆట అరగంటకు పైగా ఆలస్యమైనది. దొంగ టిక్కెట్లతో వచ్చిన అభిమానులే కారణమని అధికారులు వెంటనే ప్రకటించిరి. హిల్స్‌బరోలో బ్రదికి బయటపడినవారు కొందరు ఆనాడును అచ్చట నుండిరి. అయితే ఈసారి అభిమానుల చేతులలో సెల్‌ఫోన్లు ఉండెను. వారు తీసిన చిత్రములు, వారి వాఙ్మూలములు సాక్ష్యములైనవి. యూరప్ ఫుట్‌బాల్ సంఘము నియమించిన స్వతంత్ర విచారణసంఘమే, దోషము అభిమానులది కాదనియు, ప్రధానబాధ్యత నిర్వాహకులదనియు, పోలీసుల పద్ధతియు అనర్థమునకు కారణమనియు 2023 ఫిబ్రవరిలో తేల్చినది.

వేరు మార్గమును కలదు. 2004లో పోర్చుగల్ దేశమున జరిగిన యూరప్ పోటీలలో పెద్ద నగరముల పోలీసులు కవచములు ధరించిన దళములను కంటికి కనబడనీయక వెనుక నుంచిరి. సామాన్యవేషమున అభిమానులతో మాటలాడుచు, దారి చెప్పుచు తిరిగిరి. ఆ నగరములలో పెద్ద కలహములు జరుగలేదు. అల్లరివాడు ఎవడో, ఆపదలో నున్నవాడు ఎవడో దగ్గరగా నిలిచి మాటలాడినవానికే తెలియును.

ప్రభుత్వోద్యోగులు విచారణలయందు దాపరికము లేక సత్యము పలుకవలెనను విధిని చట్టముగా చేయు బిల్లు 2025 సెప్టెంబరులో బ్రిటిష్ పార్లమెంటున ప్రవేశపెట్టబడినది. హిల్స్‌బరో మృతుల కుటుంబములు దానికొరకు ఏండ్ల తరబడి శ్రమించినవి. పోయినవారు తిరిగి రారని వారికి తెలియును. రేపు టిక్కెట్టు కొని ఆటకు పోవు మరొక ఇంటి బిడ్డ క్షేమముగా తిరిగి రావలెననియు, రాలేకపోయినచో కారణము ఆ ఇంటివారికి ఉన్నదున్నట్లు తెలియవలెననియు వారి కోరిక.