గుర్రం రక్తం నుండి గాజు సీసాలోకి

శ్రీహరికోట, సూళ్లూరుపేట, పులికాట్ ఒడ్డు పల్లెల వారికి పాముల భయం కొత్త కాదు. పాముకాటు మందును గుర్రం రక్తం నుండి తీస్తారని విని కొందరు జడుసుకుంటారు. సెలైను సగంలో ఉండగా తీసేయమనేవారూ ఉన్నారు. అందుకే ఆ మందు సంగతి చెప్పదలిచాము.

ముందు విషం కావాలి. చెన్నైకి దక్షిణాన వడనెమ్మేలిలో 1978లో ఏర్పడిన ఇరుళర్ల సహకార సంఘం దీనికి పేరుపొందినది. మన యానాదుల వలె వీరికీ పాము జాడ బాగా తెలుసు. పామును పట్టి, విషం పిండి, మరల అడవిలో వదులుతారు.

నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర విషాలను కొద్దికొద్దిగా పెంచుతూ గుర్రానికి ఎక్కిస్తే దాని రక్తంలో విరుగుడు పుడుతుంది. ఈ మందు చేసే కంపెనీ హైదరాబాదులోనూ ఉన్నది. గుర్రం నుండి కొంత రక్తం తీసి, ఎర్రకణాలను వేరుచేసి, పసుపుపచ్చని ప్లాస్మాను ఉంచుకుంటారు.

అసలు కష్టం ఇక్కడే. ప్లాస్మాలో విరుగుడు కొంచెం, గుర్రానికి చెందిన ఇతర ప్రోటీన్లు బోలెడు. అందులో పెప్సిన్ కలుపుతారు. మన కడుపులో మాంసాన్ని అరిగించేది ఇదే. విరుగుడులో విషాన్ని పట్టుకునే భాగం మిగిలి, రియాక్షన్లు తెచ్చే తోక భాగం తెగిపోతుంది. తర్వాత అక్కరలేని ప్రోటీన్లను విరగగొట్టి వడకడతారు. సూక్ష్మక్రిములు కూడా దూరలేని ఫిల్టరు గుండా పంపి, గడ్డకట్టించి, ఆరబెట్టి పొడి చేస్తారు.

ఇంత శుద్ధి చేసినా అది గుర్రం ప్రోటీనే. అందుకే కొందరికి చలి, దద్దుర్లు, ఆయాసం వస్తాయి. అడ్రినలిన్ ఇంజక్షను పక్కనే ఉంచుకొని ఎక్కించేది అందుకే. రియాక్షను వస్తే కాసేపు ఆపి, తగ్గించి, మరల మొదలుపెడతాము. మీరు మధ్యలో మానిపించవద్దు.

ఇన్ని సీసాలెందుకని అడుగుతారు. 10 మి.లీ. సీసా సుమారు 6 మిల్లీగ్రాముల రక్తపింజర విషాన్ని విరుస్తుంది. ఒక్క కాటులో సగటున 63 మిల్లీగ్రాములు దిగుతుందని అంచనా. లెక్క మీరే వేసుకోండి. పసివారికీ పెద్దల మోతాదే, పాము చిన్నబిడ్డ అని విషం తగ్గించదు కదా.

ప్రార్థన బండిలో కూడా చేసుకోవచ్చు, ముందు 108కి ఫోను చేయండి. తాడు బిగించవద్దు, బ్లేడుతో కోయవద్దు, కాలు కదపనీయవద్దు. పామును చంపి తేనవసరం లేదు, పై నాలుగింటికీ సీసా ఒక్కటే. సముద్రపు పాముకు మాత్రం ఇది పనిచేయదు. వలలో పాము కరిస్తే ఆ మాట వచ్చీరాగానే చెప్పండి.