ఎండలు ముదరకముందే పండే పెరటి టమాటా

పత్తికొండ : కాపు ముమ్మరంగా దిగే రోజుల్లో కిలో రూపాయికి కూడా అడిగే నాథుడు లేక, తెచ్చిన టమాటాలు రోడ్డు పక్కన పారబోసి పోయిన రైతులను పత్తికొండ మార్కెట్ చూసింది. అదే టమాటా 2023 జూలై ఆఖరున మదనపల్లెలో మొదటి రకం కిలో 200 రూపాయల దరిదాపులకు పోయింది. పారబోసిందీ రైతే, కొనలేకపోయిందీ రైతే. కూలి పనికి పోయే ఇళ్లలోనైతే అటువంటి రోజుల్లో పప్పులోకి చింతపండే గతి.

పెరట్లో పది మొక్కలు వేసుకుంటే ఈ బాధ కొంత తప్పుతుంది. అయితే అదను తెలిసి వేయాలి. పగటి ఎండ 35 డిగ్రీలు దాటితే టమాటా పూత నిలవక రాలిపోతుంది. మదనపల్లె ఎత్తయిన ప్రాంతం, కాస్త చల్లన. అందుకే అక్కడ వేసవిలోనూ కాపు వస్తుంది. కర్నూలు జిల్లాలో మార్చిలోనే ఎండ మండుతుంది కనుక అంతకుముందే కాయ పట్టే రకం కావాలి.

ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ తయారుచేసిన 'పూసా రూబీ' అటువంటిదే. నాటిన 60, 65 రోజులకు పండ్లు కోతకు వస్తాయి. కాయ కాస్త చప్పిడిగా, గట్లు గట్లుగా ఉంటుంది. లారీల్లో దూరం పోయేందుకు గట్టి తోలు హైబ్రిడ్ కాయలే వ్యాపారులకు కావాలి. పెరటి నుంచి పొయ్యి దాకా పోయే కాయకు ఆ గట్టితనంతో పనేముంది?

కార్తీకంలో, అంటే నవంబరు మొదట్లో, చిన్న మడిలో విత్తనం చల్లాలి. మడిపైన బాగా సన్నని కన్నాల నైలాన్ వల కప్పితే ఆకుముడత తెగులు మోసుకొచ్చే తెల్లదోమ చేరదు. నెల లోపు నారు తీసి, వరుసకు వరుసకు రెండడుగులు, మొక్కకు మొక్కకు అడుగున్నర ఎడంగా సాయంత్రం పూట నాటాలి. గుంటకు రెండు దోసిళ్ల మాగిన పశువుల ఎరువు చాలు. మొక్కకు ఊతకర్ర తప్పదు. చుట్టూ బంతి వేస్తే కాయతొలుచు పురుగు అటు మళ్లుతుంది. ఆకు ముడుచుకున్న మొక్కపై జాలిపడకుండా పీకి దూరంగా పాతిపెట్టాలి.

కాయ అడుగు నల్లబడితే చాలామంది పురుగుమందుకు పరుగెత్తుతారు. అది పురుగూ కాదు, అంటుకునే తెగులూ కాదు. నాలుగు రోజులు ఎండగట్టి ఒకేసారి కుండలకొద్దీ పోస్తే మొక్కకు సున్నం సరిగా అందక వచ్చే లోపం. గిన్నెలు కడిగిన నీళ్లయినా సరే, సబ్బు లేనివి, కొద్దికొద్దిగా క్రమం తప్పకుండా పోస్తే కొత్త కాయలకు రాదు.

ఫిబ్రవరిలో పండ్లు మొదలవుతాయి. ఆ రోజుల్లో బజారులోనూ చవకే కదా అనవచ్చు. అసలు లాభం ఒరుగుల్లో ఉంది. మార్చిలో మిగిలిన పండ్లను చక్రాల్లా కోసి, ఉప్పు చల్లి, పలుచని గుడ్డ కప్పి మిద్దెమీద ఎండబెట్టాలి. విరిస్తే పుటుక్కుమనే దాకా ఎండాలి. తడి లేని జాడీలో పోసి మూత బిగిస్తే ఆషాఢం దాకా ఉంటాయి. గుప్పెడు నానబెట్టి పప్పులో వేస్తే సరి.

ఇది హైబ్రిడ్ కాదు గనుక ఏటా విత్తనం కొననక్కర లేదు. తెగులు లేని మొక్క మీద బాగా పండిన పండ్లను పిసికి, ఒకటి రెండు రోజులు పులియబెట్టి, కడిగి నీడన ఆరబెట్టాలి. కాగితంలో పొట్లం కట్టి దాస్తే మళ్లీ కార్తీకానికి పనికివస్తుంది.