ముద్ర చూడాలి, మనిషినీ చూడాలి

విత్తనాలు కొనేటప్పుడు రైతు ఏం చూస్తాడు? సంచి మీద సీలు చూస్తాడు. అమ్మేవాడెవరో చూస్తాడు. దారిన పోయేవాడు ఊరికే ఇస్తానన్నా తీసుకోడు. తీసుకుంటే పంట పోతుంది.

కంప్యూటర్‌లో ప్రోగ్రాం పెట్టుకోవడం కూడా ఇలాంటిదే.

కంప్యూటర్‌ను నడిపించే వ్యవస్థల్లో లినక్స్ ఒకటి. 1991లో ఫిన్లాండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ దీన్ని మొదలుపెట్టాడు. ఇందులో చాలా రకాలున్నాయి. ఉబుంటు ఒక రకం. దీనికి డబ్బు కట్టనక్కరలేదు.

ఉబుంటులో ప్రోగ్రాంలకు ఒక దుకాణం ఉంది. దాని పేరు యాప్ సెంటర్. అందులో ప్రోగ్రాం పేరు రాసి వెతకాలి. ఇన్‌స్టాల్ అన్న బటన్ నొక్కాలి. కంప్యూటర్ దాని ముద్రను సరిచూస్తుంది. సరుకు దారిలో మారితే ముద్ర కలవదు. అప్పుడు లోపలికి రానివ్వదు.

మరి ముద్ర ఒక్కటే చాలా? చాలదు. 2018 మే నెలలో ఉబుంటు దుకాణంలోనే ఒక మోసం బయటపడింది. ఒక ఆటలో దొంగ ప్రోగ్రాం దాగి ఉంది. అది ఆడేవారికి తెలియకుండా, వారి కంప్యూటర్‌తోనే డిజిటల్ నాణేలు సంపాదిస్తోంది. ఆ ఆటను వెంటనే తీసేశారు. అందుకే తయారుచేసినవారి పేరు కూడా చూడాలి. పేరు పక్కన పచ్చ టిక్కు ఉంటే, వారెవరో దుకాణంవారు విచారించారని అర్థం.

పాస్‌వర్డ్ ఇంటి తాళంచెవి లాంటిది. ఎవరో చెప్పారని, అర్థంకాని ఆదేశం రాసి పాస్‌వర్డ్ కొట్టకూడదు. అలా చేస్తే ఇల్లంతా పరాయివాడికి అప్పగించినట్టే.

తెలిసిన దుకాణంలోనే తీసుకోండి. చేసినవారి పేరు చూడండి. తాళంచెవి మీ చేతిలోనే ఉంచుకోండి.